తూర్పు దిక్కు తెగదు





మన ఇండ్లలో పెండ్లి జరిగితే బాబాసాహెబ్ పటం ముందు త్రిశరణాలు, పంచశీల చెప్పిస్తాం. బిడ్డ పుడితే గౌతమ్ అనో, సుజాత అనో, రాహుల్ అనో పేరు పెట్టుకుంటాం. అదే పెండ్లి చెడిపోయిన రోజున మాత్రం ధమ్మాన్ని గడప అవతల వదిలేస్తాం. ఆ రోజు మాట్లాడేది కోపం, పరువు, రెండు వైపుల బంధువుల పంతం. వాటి మధ్యలో నిలబడి బిక్కుబిక్కుమని చూసేది పసిబిడ్డ.

విడాకులైనాక బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? ఈ ప్రశ్న మీ ఇంటికి రాకపోవచ్చు, కానీ మీ వీధికి వస్తుంది. మీ చెల్లెలికి వస్తుంది, మీ అన్న కొడుక్కి వస్తుంది. నలుగురు కూర్చున్నచోట మిమ్మల్ని కూడా పిలిచి, "చదువుకున్నోడివి, ధమ్మం తెలిసినోడివి, నువ్వు చెప్పప్పా" అంటారు. ఆ రోజు ఏం చెప్పాలో ఈ రోజే ఆలోచించుకుందాం.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. విడాకులు పాపం కాదు. స్త్రీకి విడాకుల హక్కు ఉండాలని హిందూ కోడ్ బిల్లులో పట్టుబట్టింది మన బాబాసాహెబే. ఆ బిల్లును సాగనీయకపోవడం 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇవ్వడానికి ఒక ముఖ్య కారణం. ఆ హక్కే తర్వాత 1955 హిందూ వివాహ చట్టంలో వచ్చింది. ఆ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. కాబట్టి "మొగుడ్ని వదిలేసింది", "పెండ్లాన్ని ఏలుకోలేకపోయినాడు" అని నోరు పారేసుకోవడం ఉపాసకుల పని కాదు. కలిసి బతకలేని ఇద్దరు విడిపోవచ్చు. అయితే విడిపోయేటప్పుడు ఏది తెగుతుంది, ఏది తెగదు అన్నది తెలుసుకోవాలి.

సిగాలుడికి చెప్పిన దిక్కులు

రాజగృహంలో సిగాలుడనే యువకుడు ఉండేవాడు. తెల్లారే లేచి, తడిబట్టలతో ఆరు దిక్కులకూ దండం పెట్టేవాడు. ఎందుకని బుద్ధుడు అడిగితే, "మా నాయన చనిపోయే ముందు చెప్పినాడు, అందుకే చేస్తున్నా" అన్నాడు. బుద్ధుడు అతన్ని ఎగతాళి చేయలేదు. దిక్కులకు కొత్త అర్థం చెప్పాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు. దక్షిణం అంటే గురువులు. పడమర అంటే ఆలుబిడ్డలు. ఉత్తరం స్నేహితులు. కింద పనివాళ్ళు, పైన శ్రమణులు. దండం పెట్టడమంటే ఆ మనుషుల పట్ల మన ధర్మం మనం చేయడమే అన్నాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పడమర దిక్కు కింద ఆయన విడమర్చి చెప్పిన పది ధర్మాలూ భార్యాభర్తల మధ్యవి. తల్లిదండ్రులకూ బిడ్డలకూ మధ్య ధర్మాలను వేరుగా, తూర్పు దిక్కు కింద పెట్టాడు. రెండూ వేర్వేరు దిక్కులు, వేర్వేరు బాధ్యతలు. విడాకుల కాగితం మీద సంతకం పెడితే తెగేది పడమర దిక్కు. తూర్పు దిక్కును తెంచే అధికారం ఏ కోర్టుకూ లేదు, ఏ పంచాయితీకీ లేదు. బిడ్డకు పొద్దు పొడిచేది ఆ దిక్కు నుంచే.

తూర్పు దిక్కు కింద తల్లిదండ్రులకు బుద్ధుడు అయిదు పనులు చెప్పాడు. బిడ్డను చెడు నుంచి తప్పించాలి. మంచిలో నిలబెట్టాలి. బతుకుతెరువుకు విద్య నేర్పించాలి. ఈడు వచ్చినాక తగిన జోడీ చూడాలి. సమయానికి ఆస్తి అప్పగించాలి. ఈ అయిదింటిలో "బిడ్డను నీ ఇంట్లోనే పెట్టుకో" అన్న మాట లేదు. వేరే ఇంట్లో ఉన్న తండ్రి కూడా ఈ అయిదు పనులూ చేయవచ్చు. వేరే ఊర్లో ఉన్న తల్లి కూడా చేయవచ్చు. అదే ఇంట్లో ఉండి ఒక్కటీ చేయని వాళ్ళను కూడా మనం చూస్తున్నాం.

అందుకే "బిడ్డ ఎవరికి?" అనే ప్రశ్నే తప్పు. బిడ్డ ఎద్దుల జత కాదు, పాలు పంచుకునే చేను కాదు. "బిడ్డకు ఏది మేలు?" అన్నది అసలు ప్రశ్న.

మన పల్లెల్లో జరిగేది

మన దగ్గర చాలా విడాకులు కోర్టు దాకా పోవు. పెద్దమనుషులు కూర్చుంటారు. పెట్టిన బంగారు, ఇచ్చిన డబ్బు, చేసిన ఖర్చు లెక్కేస్తారు. గంటసేపు దానికే పోతుంది. ఆఖర్లో "మగబిడ్డ తండ్రికి, ఆడబిడ్డ తల్లికి" అని ఒక్క మాటతో లేస్తారు. అన్నాచెల్లెళ్ళను కూడా విడదీస్తారు. నాయన, అమ్మ విడిపోయిన రోజునే, రాత్రిపూట పక్కన పడుకునే చెల్లెలు కూడా దూరమైతే ఆ పిల్లోడికి ఏం మిగిలింది? మగబిడ్డ వంశానికి, ఆడబిడ్డ బరువుకు అన్న లెక్క మనుధర్మం నుంచి వచ్చింది. దాన్ని దీక్ష తీసుకున్న రోజే వదిలేశామని చెప్పుకుంటున్నాం. పంచాయితీలో కూడా వదిలేయాలి.

మన సీమ కరువు ఈ సమస్యను ఇంకా ముడివేసింది. ఆదోని, కోసిగి, ఆలూరు, పత్తికొండ పక్క పల్లెల్లో వానలు మొహం చాటేస్తే ఇండ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు సుగ్గికి పోతారు. బెంగళూరు కట్టడం పనులకు పోతారు. పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఆడబిడ్డలు ఇంటి పనికి కువైట్ పోతారు. బిడ్డలు జేజి దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంటారు. విడాకుల మాట వచ్చినప్పుడు ఇదే ఆయుధమవుతుంది. "బిడ్డను వదిలేసి కువైట్ పోయినామెకు తల్లినని చెప్పుకునే హక్కు ఎక్కడిది?" అంటారు. "సుగ్గికి తిప్పి బడి మాన్పించినాడు" అని ఇటువైపు వాళ్ళు అంటారు.

కాస్త ఆగి చూడండి. ఆమె పోయింది ఆ బిడ్డ ఫీజు కోసమే. ఆయన తిప్పింది ఊర్లో పని లేకనే. పేదరికం చేసిన గాయాన్ని ఒకరి నేరంగా రాయడం సత్యం కాదు. దూరంగా ఉండటం వేరు, వదిలేయడం వేరు. ప్రతి నెలా డబ్బు పంపి, ప్రతి రాత్రీ ఫోన్లో "అన్నం తిన్నావా నాయనా" అని అడిగే తల్లి వదిలేసిన తల్లి కాదు. పక్క వీధిలోనే ఉండి పండగకు కూడా ముఖం చూపని తండ్రి దగ్గరున్న తండ్రీ కాదు.

జేజిల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాబాసాహెబ్‌కు చిన్నప్పుడే తల్లి భీమాబాయి చనిపోయింది. ఆయన్ను చేరదీసి పెంచింది మేనత్త మీరాబాయి. కనిన వాళ్ళే కాదు, పెంచిన వాళ్ళు కూడా బిడ్డకు దిక్కే. బిడ్డను ఒకవైపు పంపేటప్పుడు, అయిదేండ్లు సాకిన ముసలామె చేతుల్లోంచి ఒక్క పూటలో లాక్కుని పోవడం హింస. ఆమెకు చెప్పి, బిడ్డకు చెప్పి, నాలుగుసార్లు అలవాటు చేసి పంపాలి.

గీతకు రెండు పక్కలా

జాతక కథల్లో మహోసధుడి కథ ఉంది. దాన్ని పునర్జన్మ కథగా కాక, బుద్ధి చెప్పే కథగా తీసుకుందాం. ఒక తల్లి బిడ్డను ఒక యక్షిణి ఎత్తుకుపోతూ "నా బిడ్డే" అంటుంది. ఇద్దరూ వాదులాడుకుంటూ మహోసధుడి దగ్గరకు వస్తారు. ఆయన నేల మీద గీత గీసి, బిడ్డను మధ్యలో పడుకోబెట్టి, ఒకరు చేతులు, ఒకరు కాళ్ళు పట్టుకుని లాగమంటాడు. లాగుతుంటే బిడ్డ నొప్పికి ఏడుస్తాడు. తల్లి చేతులు వదిలేసి ఏడుస్తూ నిలబడుతుంది. బిడ్డ బాధ ఎవరి గుండెకు తగిలిందో వాళ్ళే తల్లి అని తేలుతుంది.

ఈ కథను మన పంచాయితీల్లో తప్పుగా వాడతారు. "నిజమైన తల్లివైతే వదిలేసుకో, బిడ్డను రచ్చకీడ్చొద్దు" అని ఆడమనిషికి చెప్తారు. ఆ పెద్దమనుషులు కథను సగమే విన్నారు. మహోసధుడు బిడ్డను ఎవరికిచ్చాడు? లాగినామెకు కాదు, వదిలినామెకు. బిడ్డ ఏడుపు విని చెయ్యి వదిలిన మనిషిని ఓడిపోయినట్టు లెక్కేసి, గట్టిగా లాగిన మనిషికి బిడ్డను అప్పగించేది ధమ్మ న్యాయం కాదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఆ కథలో ఒకరే నిజం. మన కథలో ఇద్దరూ నిజమే. తల్లీ నిజమే, తండ్రీ నిజమే. కాబట్టి మనం చెప్పాల్సింది ఇద్దరికీ: లాగడం ఆపండి. ఇద్దరూ ఒకేసారి ఆపితే బిడ్డ లేచి తన కాళ్ళ మీద తాను నిలబడతాడు. అప్పుడు ఎవరి ఇంట్లో పడుకుంటాడు, ఏ బడికి పోతాడు అనేది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

కొట్టే మనిషి, తాగి బిడ్డ మీద చెయ్యి చేసుకునే మనిషి ఉన్నచోట మాత్రం ఈ సమానం లెక్క చెల్లదు. అక్కడ మొదటిది బిడ్డ ప్రాణం, తల్లి ప్రాణం. "సర్దుకో" అనే మాట అక్కడ కరుణ కాదు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. అవతలి మనిషి బిడ్డను చూడటం ప్రమాదమనుకుంటే దాన్ని కూడా ఆపవచ్చు.

రాహులుడి కోసం వచ్చిన నియమం

బుద్ధుడు కపిలవస్తుకు వచ్చినప్పుడు యశోధర కొడుకు రాహులుణ్ణి పంపి, తండ్రిని వారసత్వం అడగమంటుంది. బుద్ధుడి మాట మీద సారిపుత్తుడు ఆ పసివాడికి ప్రవ్రజ్య ఇస్తాడు. అది విని తాత శుద్ధోదనుడు తల్లడిల్లిపోతాడు. కొడుకు పోయినప్పుడు పడిన బాధ, మనుమడు పోయినప్పుడు ఇంకా లోతుకు దిగిందని చెప్పుకుంటాడు. ఇక మీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డకూ ప్రవ్రజ్య ఇవ్వొద్దని కోరతాడు. బుద్ధుడు ఒప్పుకుంటాడు. అదే సంఘంలో నియమమవుతుంది.

సంఘం ఎంత గొప్పదైనా, ధమ్మం ఎంత మంచిదైనా, తల్లినీ తండ్రినీ అడగకుండా బిడ్డను తీసుకుపోరాదు. ఒక తాత కన్నీళ్ళు విని తథాగతుడే నియమం పెట్టాడంటే, మనం ఎంత వినాలి?

ఇది మనకు చాలా దగ్గరి సంగతి. విడిపోయిన ఇద్దరిలో ఒకరు దీక్ష తీసుకుని, ఇంకొకరు తీసుకోని ఇండ్లు మనలో ఉన్నాయి. "బిడ్డ అక్కడుంటే ఊరి దేవరకు తీసుకుపోతారు, కుంకుమ పెడతారు, 22 ప్రతిజ్ఞలు గాలికి పోతాయి. అందుకే బిడ్డ మాకే కావాలి" అనే వాదన వింటుంటాం. ఆ భయం మనకు అర్థమవుతుంది. కానీ ధమ్మాన్ని బిడ్డను లాగే తాడుగా వాడితే, ఆ బిడ్డకు ధమ్మం అంటే తల్లిని దూరం చేసిన మాటగానే గుర్తుండిపోతుంది. వచ్చి చూడు అని పిలిచేది ధమ్మం. లాక్కొచ్చి చూపించేది కాదు. మీ దగ్గరున్న రెండు రోజుల్లో అబద్ధం ఆడకుండా, తాగకుండా, అవతలి మనిషిని తిట్టకుండా ఉండండి. అదే వందన కన్నా పెద్ద పాఠం.

చట్టం ఏం చెప్తుంది

మన చట్టం కూడా ఈ దారిలోనే ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. దాని 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ మేలే అన్నిటికన్నా ముందు. అయిదేండ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని 6వ సెక్షన్ చెప్తుంది. సహజ సంరక్షకుల్లో తండ్రి తర్వాతే తల్లి అని ఆ సెక్షన్‌లో ఉన్నా, ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయినాకనే అని అర్థం కాదని, తండ్రి పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బిడ్డలు తల్లిదండ్రుల ఆస్తులూ కాదు, ఆటబొమ్మలూ కాదని 1973లోనే రోజీ జేకబ్ కేసులో ఆ కోర్టు అంది. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని జడ్జి వినవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది.

కోర్టు ఇచ్చిన ఆదేశం రాతి మీద గీత కాదు. పరిస్థితి మారితే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద దాన్ని మార్చమని అడగవచ్చు. పంచాయితీలో రాసుకున్న కాగితం బిడ్డకు మేలు చేయకపోతే కోర్టు దానికి కట్టుబడి ఉండదు. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ ఎవరు అడిగినా వేయొద్దు.

లాయరుకు డబ్బు లేదని వెనకడుగు వేయొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కర్నూలులో, కడపలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

ఇంకొక్క మాట. బిడ్డ తల్లి దగ్గరున్నంత మాత్రాన తండ్రి ఖర్చు తప్పదు. "బిడ్డను చూపించలేదు కాబట్టి డబ్బివ్వను" అనేది తప్పు. "డబ్బివ్వలేదు కాబట్టి చూపించను" అనేదీ తప్పు. తిండి బిడ్డ హక్కు. తండ్రిని చూడటమూ బిడ్డ హక్కు. ఒకదానికి ఒకటి తాకట్టు పెట్టొద్దు.

అద్దంలో చూసుకోండి

చిన్న రాహులుడికి బుద్ధుడు ఒక పాఠం చెప్పాడు. అద్దం దేనికని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసినాక చూసుకో అన్నాడు. ఇది నాకు హాని చేస్తుందా, ఎదుటివారికి చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా అని అడుగు. హాని అయితే ఆపు అన్నాడు.

ఏడేండ్ల బిడ్డకు చెప్పిన ఆ పాఠం ఇప్పుడు బిడ్డలున్న పెద్దలకు కావాలి.

చేసే ముందు అడగండి. బిడ్డను పొద్దున్నే లేపి, నీళ్ళు పోసి, బడికి పంపేది ఎవరు? జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది ఎవరు? ఇప్పుడున్న బడి, స్నేహితులు ఎక్కడ మిగులుతారు? అన్నాచెల్లెళ్ళు కలిసి ఉంటారా? అవతలి మనిషి ఫోన్ చేస్తే బిడ్డకు ఇచ్చే మనసు ఎవరికుంది? ఈ చివరి ప్రశ్నకు జవాబు చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఎవరికీ భారం కాకుండా హాస్టల్లో వేసేద్దామనుకుంటే ఇంకోసారి అద్దం చూడండి. గురుకులం చదువు కోసం అయితే మంచిదే. కానీ బిడ్డను దింపేసి పోవడానికి అది గోదాము కాదు. సెలవులకు ఏ ఇంటికి రావాలో తెలియని బిడ్డకు అది చెర.

చేస్తున్నప్పుడు అడగండి. నేను మాట్లాడుతున్నది బిడ్డ కోసమా, నా కోపం కోసమా? బిడ్డ చేత అవతలి ఇంటి గుట్లు చెప్పించుకుంటున్నానా? రచ్చ మధ్యలో నిలబెట్టి "అమ్మ కావాల్నా, నాయన కావాల్నా" అని అడగొద్దు. ఏది చెప్పినా ఒకరిని పోగొట్టుకున్నట్టే బిడ్డకు అనిపిస్తుంది. బిడ్డ మనసు తెలుసుకోవాలంటే, నమ్మకమున్న ఒక్కరు పక్కకు పిలిచి, మెల్లగా వినాలి.

చేసినాక కూడా అడగండి. ఆరు నెలల తర్వాత బిడ్డ ఎట్లా ఉన్నాడు? సరిగా తింటున్నాడా? బడికి పోతున్నాడా? రాత్రిపూట పక్క తడుపుతున్నాడా? హాని కనబడితే పంతం పట్టకుండా మార్చుకోండి. మార్చుకోవడం ఓటమి కాదు. అనిత్యం అంటే ఇదే.

సంఘం చేయాల్సింది

ఊర్లో ఉపాసకులుగా మీకు ఒక పని ఉంది. పంచాయితీకి కూర్చుంటే ఎవరి తరఫునా కూర్చోకండి, బిడ్డ తరఫున కూర్చోండి. తల్లితో విడిగా, తండ్రితో విడిగా మాట్లాడండి. డబ్బు లెక్కను, బిడ్డ సంగతిని ఒకే పూట కలపకండి. కుదిరిన ఒప్పందాన్ని రాయించండి: బిడ్డ ఎక్కడుంటాడు, ఎన్ని ఆదివారాలు అవతలి ఇంటికి పోతాడు, వేసవి సెలవులు ఎట్లా పంచుకుంటారు, బడి ఫీజు, మందుల ఖర్చు ఎవరు భరిస్తారు, కువైట్ నుంచో బెంగళూరు నుంచో ఏ వేళకు ఫోన్ వస్తుంది. రాసింది కోర్టు ముందు పెట్టించండి. ఏప్రిల్ 14న, వైశాఖ పౌర్ణమి నాడు విహారంలో ఇద్దరూ బిడ్డను చూసుకునే చోటు కల్పించండి. రెండు కుటుంబాలూ కొట్లాట లేకుండా ఒక పూట కూర్చోగలిగే చోటు ఊర్లో ఒకటైనా ఉండాలి. అది మన విహారమే కావాలి.

కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. పత్తికొండ పక్కనే రాజులమందగిరి ఉంది. ఆ రెండు చోట్లా అశోకుడి శాసనాలు మన సీమ బండల మీదే ఉన్నాయి. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, సత్యం పలకాలి అని ఎర్రగుడి బండ చెప్తుంది. తల్లిని, తండ్రిని అక్కడ ఒకే మాటలో కలిపి రాశారు. రెండు వేల ఏండ్లకు పైగా ఎండలో నిలిచిన ఆ మాటను మనం ఒక పంచాయితీలో రెండు ముక్కలు చేయొద్దు. ఇద్దరి మాటా వినమని బిడ్డకు చెప్పాలంటే, ఇద్దరూ బిడ్డకు అందుబాటులో ఉండాలి. ఇద్దరి నోటా ఒకరి గురించి ఒకరికి విషం రాకుండా ఉండాలి.

పడమర దిక్కు మీకు చీకటి పడి ఉండవచ్చు. బిడ్డకు తూర్పు దిక్కును మాత్రం మూసేయకండి.

భవతు సబ్బ మంగళం.
సాధు! సాధు! సాధు!
జై భీమ్!